భోజనాల గదిలో రంగులు

మొన్న సెలవులకొచ్చిన మా అన్నయ్య కూతురు హాల్లో పాత దుప్పటి పరిచి, నాలుగు ఎక్రిలిక్ రంగులు ఒకే గ్లాసులో పోసి కాన్వాసు మీద గుమ్మరించింది. కుంచె ఊసే లేదు. కాన్వాసుని అటూ ఇటూ వంచి, "చూడత్తా!" అంది. బాగానే ఉంది, చెప్పొద్దూ. గచ్చుమీద మరక మాత్రం ఇంకా వదల్లేదు.

"ఇదో కొత్త ఫేషను కాబోలు" అని దీర్ఘం తీశాను. తప్పు నాదే. ఈ ఒలకబోతకి డెబ్బై ఏళ్ళు దాటిన చరిత్ర ఉంది.

1952 అక్టోబరులో న్యూయార్కులో హెలెన్ ఫ్రాంకెంథేలర్ అనే ఇరవైమూడేళ్ళ అమ్మాయి, పూత పూయని ముడిగుడ్డను నేలమీద పరిచి, టర్పెంటైనుతో నీళ్ళలా పల్చన చేసిన నూనె రంగులు పోసింది. రంగు గుడ్డలోకి ఇంకిపోయింది. ఆ బొమ్మ పేరు 'పర్వతాలూ సముద్రమూ'. మరుసటి ఏప్రిల్లో దాన్ని చూడ్డానికి వాషింగ్టన్ నుంచి వచ్చినవాళ్ళలో మోరిస్ లూయిస్ ఒకడు. నలభై ఏళ్ళవాడు, చెప్పుకోదగ్గ పేరేమీ లేదు. ఇంటికి తిరిగి వెళ్ళాక అతని చెయ్యే మారిపోయింది.

అతను వాడింది మేగ్నా అనే ఎక్రిలిక్ రంగు. ఇప్పటి పిల్లలు వాడేవి నీళ్ళలో కలుస్తాయి. అది టర్పెంటైనులో కలిసేది. స్టూడియో అంటారా, ఇంట్లోని భోజనాల గది! 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు. భార్య మార్సెల్లా ఉద్యోగానికి వెళ్ళగానే గుడ్డ పరిచేవాడు, ఆవిడ వచ్చేసరికి అంతా సర్దేసేవాడు. అతను బొమ్మ వేస్తుండగా ఆవిడ సైతం చూడలేదు. ఆ రంగుల్ని అంత తీరుగా ఎలా నడిపించాడో ఎవరికీ చెప్పలేదు.

నేనూ భోజనాల బల్లమీదే నవలలు రాస్తాను. పిల్లలు బడి నుంచి వచ్చేలోపు కాగితాలు ఎత్తెయ్యాలి. ఈ అవస్థ ఆడవాళ్ళకే అనుకునేదాన్ని, పాపం!

నచ్చనివాటిని తనే నాశనం చేసేవాడు. 1955-57 మధ్య వేసినవాటిలో చాలామటుకు అలాగే పోయాయి. 1960-61లో వేసిన కొన్ని బొమ్మలు గది కంటే పెద్దవి. 'ఆల్ఫా-ఫై' 15 అడుగులుంటుంది. రెండు పక్కలా రంగుల ఏరులు, నడుమ అంతా ఖాళీ తెల్లగుడ్డ. మడతలు పెట్టి రంగు పోసి, ఆరాక చుట్టచుట్టి పెట్టేవాడు. అందువల్ల చాలా బొమ్మల్ని అతనే పూర్తిగా విప్పి చూసుకోలేదు.

1962 సెప్టెంబరులో ఊపిరితిత్తుల కేన్సరుతో పోయాడు. అప్పటికి 49 ఏళ్ళు. ఆ చిన్న గదిలో పీల్చిన టర్పెంటైను ఆవిరే కొంప ముంచిందని కొందరన్నారు. వందల చుట్టలు మిగిలాయి. గ్రీకు అక్షరాల పేర్లన్నీ తర్వాత పెట్టినవే.

నాకు మార్సెల్లాయే పదేపదే గుర్తొస్తోంది. సాయంత్రం తలుపు తీయగానే ఆ వాసన ముక్కుకి తగలకుండా ఉంటుందా? నేనైతే చెప్పులు విప్పకముందే అడిగేసేదాన్ని.