అద్దాల పెట్టెలోని యుద్ధనౌక

చేతితో చెక్కిన యుద్ధనౌకల నమూనాలు సేకరించేవారి ఇళ్లలో రెండు పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఒకటి, 1805లో ట్రఫాల్గర్ సమరంలో నెల్సన్ ప్రాణాలు విడిచిన విక్టరీ. రెండవది, అమెరికావారి కాన్‌స్టిట్యూషన్. వీటిని తయారుచేసి ప్రపంచానికి అమ్మే దేశాల్లో మారిషస్ పేరుపడ్డది. వంకీలను పక్కటెముకల్లా నిలిపి, వాటిపై సన్నని చెక్కపలకలను ఒక్కొక్కటిగా బిగిస్తారు. కొయ్యస్తంభాలకు నూలుదారాలు అల్లుతారు. తెరచాప గుడ్డకు పాతదనం రావడానికి తేనీటిలో ముంచుతారు. పెద్ద నౌక ఒక్కటి పూర్తికావడానికి వందల గంటలు పడుతుంది.

ఆ దీవి చరిత్రను గుర్తుచేసుకుంటే ఈ వృత్తి వింతగా తోస్తుంది. 1810 ఆగస్టులో గ్రాండ్‌పోర్ట్ వద్ద బ్రిటిష్ నౌకలను ఫ్రెంచివారు ఓడించారు. డిసెంబరు నాటికే దీవి బ్రిటిష్‌వారి చేతికి చిక్కింది. 1834 నుంచి చెరకుతోటలకు ఒప్పంద కూలీలు దిగారు. మన గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు నుంచి కూడా తెలుగువారు ఓడలెక్కారు. నేడు ఆ దేశంలో భారత సంతతివారే అధికులు. రెండు సామ్రాజ్యాలు పోట్లాడుకున్న నౌకలను, వాటి వల్ల అక్కడికి చేరినవారి సంతానమున్న దేశం బొమ్మలుగా చెక్కుతోంది. తాతలను మోసుకొచ్చిన కూలీ ఓడ బొమ్మను కొని హాల్లో పెట్టుకునేవారు ఎందరుంటారు? ఫిరంగులున్న నౌకకే అందం ఉందని మార్కెట్టు ఎప్పుడో నిర్ణయించింది.

బొమ్మలకు మరో ప్రయోజనం కూడా ఉండేది. పదిహేడో, పద్దెనిమిదో శతాబ్దాల్లో బ్రిటిష్ నౌకాదళం కోసం చేసిన నమూనాల్లో అడుగుభాగానికి పలకలు బిగించక, లోపలి చట్రం కనిపించేలా వదిలేసేవారు. అవి ఇప్పుడు గ్రీనిచ్ మ్యూజియంలో ఉన్నాయి. కట్టే విధానాన్ని దాచని నమూనాలవి. కానీ కట్టినవారి పేరు మాత్రం చట్రంలో కనిపించదు.

ఆ పేరు కోసం బొంబాయి వెళ్లాలి. 1736లో సూరత్ నుంచి వచ్చిన లౌజీ నస్సర్వాన్‌జీ వాడియా వంశం అక్కడ నౌకలు నిర్మించింది. మలబారు టేకు ఓక్ కంటే నీటిలో ఎక్కువకాలం మన్నుతుందని బ్రిటిష్‌వారు గ్రహించారు. జంషెడ్‌జీ బొమన్‌జీ కట్టిన ట్రింకోమలీ 1817 అక్టోబరు 12న నీటిలోకి దిగింది. దాని తొలి నక్షాలను తెస్తున్న జావా నౌకను 1812 డిసెంబరులో కాన్‌స్టిట్యూషన్ పట్టుకోవడంతో, మళ్లీ నక్షాలు పంపవలసి వచ్చింది. అంటే నేటి సేకరణదారుల ముద్దుల నౌకే ట్రింకోమలీని ఆలస్యం చేసిందన్నమాట. ఆ నౌక ఇంగ్లండులోని హార్టిల్‌పూల్‌లో నేటికీ నీటిపై తేలుతోంది.

మనం గర్వంగా చెప్పుకునే వారసత్వంలో చేదు కూడా ఉంది. వాడియాలే కట్టిన మరో నౌక కార్న్‌వాలిస్. 1813లో బొంబాయిలో జలప్రవేశం చేసిన ఈ డెబ్బై నాలుగు ఫిరంగుల నౌక మీదే 1842 ఆగస్టు 29న నాంకింగ్ సంధిపై సంతకాలు జరిగాయి. చైనా హాంకాంగ్‌ను వదులుకొని, అయిదు రేవులు తెరిచి, రెండు కోట్ల పదిలక్షల డాలర్ల పరిహారం చెల్లించవలసి వచ్చింది. ఆ యుద్ధానికి మూలమైన నల్లమందు బిహారు పొలాల్లో కంపెనీ పండించింది. మాల్వా సరుకు బొంబాయి మీదుగా సాగింది. భారత టేకు, భారత పనితనం, భారత నల్లమందు మూడూ ఒకే యుద్ధంలో కలిశాయి. దేశభక్తి ప్రసంగాల్లో మొదటి రెండింటి గురించే వింటాం.

కార్న్‌వాలిస్ నమూనాను ఎవరైనా చెక్కితే, పై అంతస్తులో ఒక బల్ల వేసి, దానిపై కాగితం పెట్టమంటాను. తెరచాపకు తేనీరు పూసినట్టే, ఆ కాగితానికీ పూయవచ్చు. అప్పట్లో బ్రిటన్ తేయాకు కొన్నది చైనా నుంచే కదా.