రాడార్‌ని ఊహించిన నవల చదవలేకపోతున్నాం, ఎందుకు?

ఈ రోజు ఒక చెడ్డ నవల గురించి మాట్లాడుకుందాం. ఎంత చెడ్డదంటే, సైన్స్ ఫిక్షన్ అంటే పడి చచ్చే నాకే సగం దాటడానికి రెండు వారాలు పట్టింది. కానీ సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు ఉంది కదా, అది ఈ నవల రాసినాయన పేరు మీదే ఉంది. ఆయన హ్యూగో గెర్న్స్‌బ్యాక్. నవల పేరు 'రాల్ఫ్ 124సి 41+'.

1884లో లక్సెంబర్గ్‌లో పుట్టాడు. 1904లో అమెరికా వెళ్ళి, న్యూయార్క్‌లో వైర్‌లెస్ సామాన్లు పోస్టులో అమ్మే వ్యాపారం పెట్టాడు. మన కోఠిలో ఎలక్ట్రానిక్స్ పార్ట్స్ దొరుకుతాయే, అలాంటి సరుకే, కాకపోతే కేటలాగ్ చూసి తెప్పించుకోవాలి. 1908లో 'మోడర్న్ ఎలక్ట్రిక్స్' అని పత్రిక మొదలుపెట్టాడు. ఈ నవల అందులోనే 1911 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు, పన్నెండు భాగాలుగా వచ్చింది. పుస్తకం అయింది 1925లో. అంటే మొదటి పాఠకులు కథల కోసం వచ్చినవాళ్ళు కాదు, ఇంట్లో కాయిల్స్ చుట్టుకునే కుర్రాళ్ళు.

కథలోకి వద్దాం. 2660వ సంవత్సరం. రాల్ఫ్ మహా మేధావి. ఆ ప్లస్ గుర్తు పెట్టుకునే హక్కు భూమ్మీద పదిమందికే ఉంటుంది. పేరులో అంకెలు ఇంగ్లీషులో చదివితే 'వన్ టు ఫోర్‌సీ ఫర్ వన్' అని వస్తుంది, అంటే ముందే చూడగలిగినవాడు. ఈ పన్ ఒక్కటే నవల మొత్తంలో నాకు నచ్చిన జోకు. వీడియో ఫోన్ కాల్ పొరపాటున కలిసి స్విట్జర్లాండ్‌లో ఉన్న ఆలిస్ పరిచయం అవుతుంది. ఆమె ఇంటి మీదికి మంచు కొండ జారుతుంటే రాల్ఫ్ న్యూయార్క్‌లో కూర్చుని దాన్ని కరిగించేస్తాడు. భలే మొదలైంది అనుకుంటాం.

ఇక అక్కడి నుంచి ఊరు చూపించడమే. ఆలిస్ న్యూయార్క్ వస్తుంది, ఇదేంటి అని అడుగుతుంది, రాల్ఫ్ పేజీలకు పేజీలు చెప్తాడు. మళ్ళీ ఇంకోటి అడుగుతుంది. నిద్రలో పాఠాలు ఎక్కించే యంత్రం, ఆలోచనలు రాసిపెట్టే యంత్రం... ఆమెకి ఏం ఇష్టమో, దేనికి భయపడుతుందో చివరిదాకా మనకి తెలీదు. ఒక విలన్ ఎత్తుకుపోతాడు, తర్వాత అంగారకుడి నుంచి వచ్చినవాడు ఎత్తుకుపోతాడు, ఆమె చనిపోతుంది, రాల్ఫ్ బతికించేస్తాడు. చావు కూడా ఇంకో పరికరం చూపించడానికే.

ఉద్యోగంలో ఉన్నప్పుడు క్లయింట్‌కి డెమో ఇవ్వాలంటే 'యూజర్ 1', 'యూజర్ 2' అని డమ్మీ మనుషుల్ని పెట్టేవాళ్ళం. వాళ్ళ పని బటన్ నొక్కడమే. ఆలిస్ సరిగ్గా యూజర్ 1. ఇది నవల కాదండీ, కేటలాగ్‌కి మాటలొచ్చినట్టుంది. అందులో ఆశ్చర్యం ఏముంది, రాసింది కేటలాగులు అచ్చేసినాయనే కదా.

"కానీ రాడార్‌ని ముందే చెప్పాడు కదా" అంటారు అభిమానులు. నిజమే. మేడ్చల్‌లో ఉంటాను నేను. హకీంపేట మీదుగా శామీర్‌పేట వెళ్తుంటే ఎయిర్ ఫోర్స్ విమానాలు కనిపిస్తాయి. అలా ఎగిరేదాని మీదికి తరంగం పంపి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కట్టడం అనే ఆలోచనని 1911లోనే బొమ్మతో సహా వేశాడు. బ్రిటన్‌లో వాట్సన్-వాట్ బృందం విమానాన్ని రేడియో తరంగాలతో పట్టి చూపించింది 1935లో. కాకపోతే జర్మనీలో హ్యూల్స్‌మేయర్ 1904లోనే ఓడల్ని రేడియోతో కనిపెట్టే పరికరం తయారుచేసి చూపించాడు. దూరం కొలవడమే దానికి చేతకాలేదు. కాబట్టి గెర్న్స్‌బ్యాక్‌కి మార్కులు వేయాల్సిందే, కానీ అవి ఫిజిక్స్ పేపర్‌లో వేయాలి. నవలకి ఆ మార్కులు కలపకూడదు.

ఇది నాకెందుకు పట్టింది అంటే, మా వైపు ఇంటికో బీటెక్ ఉన్నాడు. వాళ్ళలో సైన్స్ ఫిక్షన్ రాసే ఫ్రెండ్స్ నాకు స్క్రిప్టులు పంపుతుంటారు. మొదటి ఐదు పేజీలూ యంత్రం ఎలా పనిచేస్తుందో ఉంటుంది. 1991లో వచ్చిన 'ఆదిత్య 369' ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సింగీతం గారు టైమ్ మెషిన్ సర్క్యూట్ గురించి క్లాసు పీకలేదు. మనల్ని ఎక్కించుకుని కృష్ణదేవరాయల దగ్గరికి తీసుకెళ్ళారు. వజ్రం కోసం ప్రాణం పెట్టే అమ్రీష్ పురిని ఇచ్చారు. వాడికి ఏం కావాలో చిన్న పిల్లాడికి కూడా అర్థమవుతుంది. ఆ సినిమాకి స్ఫూర్తి 1895 నాటి వెల్స్ 'టైమ్ మెషిన్'. అంటే రాల్ఫ్‌కి పదహారేళ్ళ ముందే వెల్స్ దారి చూపించాడు, గెర్న్స్‌బ్యాక్ దగ్గర ఆ వంక అయినా లేదు.

ఆ తేడా ఆయనకీ తెలుసనే నా అనుమానం. 1926 ఏప్రిల్‌లో సైన్స్ ఫిక్షన్ కోసమే 'అమేజింగ్ స్టోరీస్' పత్రిక పెట్టినప్పుడు మొదటి సంచికలో వెల్స్, వెర్న్, పో రచనల్ని మళ్ళీ అచ్చేశాడు. బొమ్మ నిలబెట్టడానికి కథలు చెప్పడం వచ్చినవాళ్ళే కావాల్సొచ్చింది. డబ్బులు ఇవ్వడం మాత్రం చేతకాలేదు. లవ్‌క్రాఫ్ట్ రాసిన మంచి కథల్లో ఒకటి, 'ది కలర్ అవుట్ ఆఫ్ స్పేస్', 1927లో వేసుకుని ఇచ్చింది 25 డాలర్లు. అప్పట్నుంచి లవ్‌క్రాఫ్ట్ ఆయన్ని ఎలుక అని పిలిచేవాడు. 1953లో అవార్డులు మొదలయ్యాక ఆ ఎలుక పేరే వాటికి స్థిరపడింది.

వచ్చే ఎపిసోడ్‌లో వెల్స్. అది మాత్రం ముందే చదివి రండి, చిన్న పుస్తకమే.