రోకలి పొన్ను – బండి కట్టు

మీ ఇంట పాత రోకలి ఉంటే దాని కొసనున్న ఇనుప పొన్నును ఒకసారి పరికించండి. కర్ర చీలకుండా కాపాడేది అదే. మేకు లేదు, బంక లేదు. బిగువే దాని బలం. పడమటి దేశాల చెక్క పీపాల రహస్యమూ ఇదే.

పీపా అనే మాట మనకు పోర్చుగీసువారితో వచ్చింది. వస్తువు మాత్రం అంతగా అలవాటు కాలేదు. కల్లుకు కుండ, నీళ్ళకు తోలుతిత్తి, ధాన్యానికి గాదె ఉండగా మనకు పీపాతో పనేముంది? అక్కడి పనివాడు ఆరడుగుల చిత్రికను బోర్లించి నిలిపి, దానిమీద బద్దను తోసేవాడు. మన వడ్రంగి చిత్రికను కర్రమీద తోస్తాడు, అంతే తేడా! తరువాత బద్దలను తడిపి, లోపల నిప్పుపెట్టి వంచి, కట్లు బిగించేవాడు. పీపాకు ఆ పొట్ట ఎందుకంటారా? నేలకు ఆనేది కొంచెమే కాబట్టి, ఎంత బరువున్నా ఒక్క మనిషి దొర్లించి ఎటైనా తిప్పగలడు.

మనవాళ్ళు ఈ విద్యనంతా బండిచక్రంలో చూపారు. హైదరాబాదు నుంచి బీజాపూరు రోడ్డున, మర్రిచెట్ల నీడన చేవెళ్ల దాటితే ఆలూరు. అలాంటి ఊళ్ళలో వడ్లవారు తుమ్మకర్రను బాడిశతో చెక్కి, నడిమి దుంగను ఉలితో తొలిచి, సాధారణంగా పన్నెండు ఆకులు దిగ్గొట్టి, చుట్టూ ఆరు పూటీలు తొడిగేవారు. ఇనుపకట్టును కావాలనే చక్రంకన్న కాస్త చిన్నదిగా చేసేవారు. పిడకల మంటలో ఎర్రగా కాలితే ఐదడుగుల చక్రపు కట్టు అంగుళానికి పైనే సాగుతుంది. నలుగురు పట్టుకార్లతో ఎత్తి, తొడిగి, నీళ్ళు గుమ్మరిస్తే చుయ్యిమని ముడుచుకుని కర్రలన్నిటినీ ఒక్కటి చేస్తుంది. ఏ లెక్కల పుస్తకం చదివి నేర్చారండీ ఇది?

కమ్మరి కొలిమి దగ్గర తిత్తి ఊదింది చాలాచోట్ల అతని ఇల్లాలే. కూలి డబ్బు కాదు, పంటకింత అని గింజలు. ఆ గింజలతోనే ఆమె ఏడాది గడపాలి.

1888లో బెల్‌ఫాస్టులో డన్లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడుచక్రాల సైకిలుకోసం చేసిన గాలిటైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. ఆ పేరే మన ఊళ్ళకొచ్చి డన్లప్ బండి అయింది. వెనకాలే ట్రాక్టరు వచ్చింది. చక్రం పని పోయింది, గింజల వాటా పోయింది. బాడిశ చూరులోకి చేరింది.

ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు ముసలి వడ్రంగి తాత ఎవరైనా కనబడితే, పనిముట్ల పేర్లు అడిగి కాగితంమీద రాసుకోండి. ఊరూరికీ పేర్లు మారతాయి. అవ్వనూ అడగండి, తిత్తి సంగతి ఆవిడకే బాగా తెలుసు.