గొంతులు దాచిన సంపాదకుడు

ఇంగ్లీషులో వైజ్ఞానిక కల్పన అనగానే మనవాళ్ళకు అసిమోవ్, ఆర్థర్ క్లార్క్ పేర్లు తడతాయి. సినిమాల పుణ్యమా అని ఫిలిప్ కె. డిక్ పేరు కూడా కొందరికి పరిచయమే. ఆంటొనీ బౌచర్ పేరు మాత్రం ఎక్కడోగాని వినబడదు. ఆయన రాసింది తక్కువ, రాయించింది ఎక్కువ. అటువంటివారి పేర్లు పుస్తకాల అట్టల మీద కాక అంకితాల్లో కనిపిస్తాయి. ఒక చిన్న పత్రికను నిలబెట్టడం ఎంత పనో తెలిసిన మన పాఠకులకు ఆయన జీవితం ఆసక్తికరంగా ఉంటుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఆయన అసలు పేరు విలియం ఆంటొనీ పార్కర్ వైట్. 1911 ఆగస్టు 21న కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో పుట్టారు. చిన్నతనం నుంచీ ఉబ్బసం. ఆటపాటలకు దూరమైన పిల్లవాడు పుస్తకాలకు దగ్గరయ్యాడు. పదిహేనో ఏట, 1927లో, ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో మొదటి కథ అచ్చయింది. 1934లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నారు. జర్మన్, ఫ్రెంచి, స్పానిష్, పోర్చుగీసు భాషలు బాగా వచ్చు. అర్జెంటీనా రచయిత బోర్హెస్ కథ ఇంగ్లీషులో తొలిసారి 1948లో అచ్చయిందంటే, అది బౌచర్ చేసిన అనువాదమే. ‘విలియం వైట్’ పేరుతో అప్పటికే రచయితలు కోకొల్లలుగా ఉండడంతో తల్లి వైపు పెద్దల ఇంటిపేరును కలంపేరుగా పెట్టుకున్నారు. అది ఫ్రెంచి పేరైనా ఆయన పలికింది ‘బౌచర్’ అనే. ‘వౌచర్’తో ప్రాస కలుస్తుందని చెప్పేవారట. నాబోటి బ్యాంకు ఉద్యోగికి ఈ పేరు ఒకసారి వింటే మరపురాదు.

ఆయన సొంతంగా రాసిన నవలలు ఏడు. అన్నీ 1937, 1942 సంవత్సరాల మధ్య వచ్చిన అపరాధ పరిశోధన నవలలే. వాటిలో చివరిది ‘రాకెట్ టు ది మోర్గ్’ చరిత్రకారుడికి పనికివచ్చే పుస్తకం. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లాస్ ఏంజెలిస్‌లో రాబర్ట్ హైన్‌లైన్ ఇంట కొందరు రచయితలు చేరి కబుర్లు చెప్పుకునేవారు. ఆ గోష్ఠికి వారు పెట్టుకున్న పేరు ‘మన్యానా లిటరరీ సొసైటీ’. స్పానిష్‌లో మన్యానా అంటే ‘రేపు’. రేపు రాయబోయే కథల గురించి ఈరోజు మాట్లాడుకునే సంఘమన్నమాట! అటువంటి సంఘాలు మన ఊళ్ళలోనూ లేకపోలేదు. 1941 డిసెంబరులో అమెరికా యుద్ధంలోకి దిగడంతో ఆ గుంపు చెల్లాచెదురైంది. గోష్ఠి ఎలా ఉండేదో ఈ నవలలో మిగిలింది.

బౌచర్ జీవితంలో ముఖ్యమైన సంవత్సరం 1949. ఆ ఏడాది రెండు పనులు మొదలయ్యాయి. మొదటిది పత్రిక. మిత్రుడు ఫ్రాన్సిస్ మెకోమస్‌తో కలిసి ఒక కథల పత్రికకు సంపాదకత్వం వహించారు. మొదటి సంచిక ‘ది మ్యాగజైన్ ఆఫ్ ఫాంటసీ’ అనే పేరుతో వచ్చింది. రెండో సంచిక నుంచి ‘అండ్ సైన్స్ ఫిక్షన్’ చేరింది. ఇక్కడ ఒక విశేషం గమనించాలి. ప్రచురణకర్త, ముద్రణ, డబ్బు అన్నీ న్యూయార్కులో ఉన్నాయి. సంపాదకులున్నది మాత్రం దేశానికి ఆ చివర బర్క్‌లీలో. సాహిత్య రాజధాని నుంచి సుమారు నాలుగున్నర వేల కిలోమీటర్ల దూరాన కూర్చుని, తపాలా మీద ఆధారపడి ఆ పత్రికను నడిపారు. దూరం లోటే కావచ్చు. కానీ రాజధానిలో చెల్లుబాటయ్యే మూసలను పట్టించుకోకుండా, తమకు నచ్చిన కథ వేసుకునే వీలును కూడా ఆ దూరమే ఇచ్చింది. రిచర్డ్ మాథెసన్ అనే కుర్రవాడి తొలి కథ 1950లో అక్కడే వచ్చింది. వాల్టర్ మిల్లర్ ‘ఎ కాంటికిల్ ఫర్ లైబోవిట్జ్’ నవలకు మూలమైన కథ 1955లో అక్కడే అచ్చయింది. 1954లో మెకోమస్ తప్పుకున్నారు. బౌచర్ 1958 దాకా బాధ్యత మోశారు.

రెండో పని సంగీతం. లూయిస్ హిల్ అనే ఆయన 1949 ఏప్రిల్‌లో బర్క్‌లీలో కె.పి.ఎఫ్.ఏ. అనే రేడియో కేంద్రం స్థాపించారు. వాణిజ్య ప్రకటనలు లేకుండా శ్రోతల చందాల మీద నడిచే కేంద్రాల్లో అమెరికాలో అదే మొదటిది. అందులో బౌచర్ ‘గోల్డెన్ వాయిసెస్’ అనే కార్యక్రమం ప్రారంభించారు. పాత ఆపెరా గాయకుల రికార్డులు వినిపించి, ఆ గాయకుల గురించి చెప్పేవారు. 1968లో కన్నుమూసే వరకు అది సాగింది.

ఆ పాత ప్లేట్ల సంగతి కొంచెం చెప్పాలి. 1925 వరకు రికార్డింగుకు మైక్రోఫోను వాడుకలో లేదు. గాయకుడు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి పాడితే, ఆ గాలి అదురుకే సూది కదిలి మైనం మీద గీత గీసేది. అచ్చుతీసిన ప్లేట్లు లక్కతో తయారయ్యేవి. ఆ లక్కలో చాలా భాగం మన దేశం నుంచి ఎగుమతి అయ్యిందే. ఉక్కు సూది పెట్టి వాయించిన ప్రతిసారీ గాడి కొంచెం అరుగుతుంది. అంటే వినడమే ఆ గొంతును ఖర్చు చేయడం. వినకుండా బీరువాలో పెడితే ఉన్నా లేనట్టే. ఇటువంటి ఆస్తిని ఏం చేయాలి? దాచి ఊరుకోకుండా ఊరందరికీ వినిపించడం బౌచర్ ఎంచుకున్న దారి.

ఈ రెండు పనులూ ఒక గ్రామఫోను దుకాణంలో కలిశాయి. బర్క్‌లీలో రికార్డులమ్మే షాపులో ఫిలిప్ కె. డిక్ అనే యువకుడు గుమాస్తా. 1928లో పుట్టినవాడు. విశ్వవిద్యాలయంలో చేరి చదువు మానేశాడు. బీతోవెన్, వాగ్నర్, షూబర్ట్ అంటే ప్రాణం. ఆ షాపుకు వచ్చే ఖాతాదారుల్లో బౌచర్ ఒకరు. ఇంత చదువుకున్న పెద్దమనిషి, సంగీతం తెలిసిన రసికుడు, వైజ్ఞానిక కల్పనను కూడా ఇష్టపడతాడన్న విషయం డిక్‌ను ఆశ్చర్యపరిచింది. అప్పట్లో అది పిల్లల చదువన్న చిన్నచూపు ఉండేది. బౌచర్ తన ఇంట్లో వారం వారం కథారచన పాఠాలు చెప్పేవారు. డిక్ ఆ తరగతికి వెళ్ళాడు. 1951లో ‘రూగ్’ అనే అతని కథను బౌచర్ దిద్దించి తీసుకున్నారు. డిక్ అమ్మగలిగిన మొదటి కథ అది.

1953 జూన్ సంచికలో డిక్ కథ ‘ది ప్రిజర్వింగ్ మెషీన్’ వచ్చింది. నాగరికత కూలిపోతే అన్నిటికంటే ముందు నశించేది సంగీతమని ఒక వృద్ధ పండితుడికి భయం. స్వరలిపి కాగితాలను జంతువులుగా మార్చే యంత్రం చేయిస్తాడు. జంతువుకు గోళ్ళు, కోరలు ఉంటాయి కనుక తనను తాను కాపాడుకుంటుందని ఆశ. మొజార్ట్ పిట్ట అవుతాడు, బీతోవెన్ పేడపురుగులాంటి ప్రాణి అవుతాడు. వాటిని అడవిలో వదులుతాడు. బ్రతికాయి సరే, ఒకదానినొకటి తినే క్రూర మృగాలుగా మారిపోయాయి. చివరికి బాక్ సంగీతంలోంచి పుట్టిన పురుగును మళ్ళీ యంత్రంలో పెడితే వచ్చిన స్వరలిపిలో సంగీతం లేదు, చెవులు మూసుకోవలసిన మోత తప్ప.

ఈ కథ మనవంటివారికి గట్టిగానే తగులుతుంది. పరాయి నేల మీద భాషను కాపాడుకోవడమంటే దానిని ఆ నేల వాతావరణానికి వదలడమే కదా! అయితే డిక్ వాదనను మన చరిత్ర పూర్తిగా ఒప్పుకోదు. త్యాగరాజస్వామి (1767–1847) తమిళ దేశంలోని తిరువయ్యారులో ఉండి తెలుగులో కీర్తనలు చేశారు. వాటిని భద్రపరచినవారిలో ముఖ్యుడు వాలాజాపేట వెంకటరమణ భాగవతార్ సౌరాష్ట్ర భాషా కుటుంబీకుడు. తరువాత పాడినవారిలో తమిళం మాతృభాషగా గలవారు ఎందరో. వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్య పరంపరల్లో ఒకే కీర్తనకు పాఠాంతరాలు ఉన్నాయి. మార్పు వచ్చిన మాట నిజం. అయినా సంగీతం మోతగా మారలేదు. కారణం ఒకటే. డిక్ కథలోని పండితుడు తన ప్రాణులను అడవిలో వదిలి ఇంటికి వెళ్ళిపోయాడు. ఇక్కడ గురువు వదలలేదు, శిష్యుడు వదలలేదు. యంత్రం చేయలేని పనిని తప్పు దిద్దే మనిషి చేశాడు. బౌచర్ తన ఇంటి తరగతిలో చేసినది కూడా ఆ పనే.

బౌచర్ 1968 ఏప్రిల్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించారు. వయసు 56. అదే సంవత్సరం వచ్చిన డిక్ నవల ‘డూ ఆండ్రాయిడ్స్ డ్రీమ్ ఆఫ్ ఎలక్ట్రిక్ షీప్?’లో కథానాయకుడు మొజార్ట్ ఆపెరా రిహార్సల్ వింటూ, ఆ గాయని గొంతును తన దగ్గరున్న పాత గాయకుల టేపులతో పోల్చుకుంటాడు. ఆ గాయని మనిషి కాదు, మరమనిషి. 1969లో వచ్చిన ‘యూబిక్’ను డిక్ బౌచర్‌కు అంకితమిచ్చాడు. ఆ నవలలో చనిపోయినవారిని అతిశీతల పేటికల్లో ఉంచుతారు. బంధువులు వచ్చి చెవికి ఫోను పెట్టుకుని వారితో మాట్లాడవచ్చు. మాట్లాడిన ప్రతిసారీ మిగిలిన ఆయువు కొంత తరుగుతుంది, గొంతు సన్నబడుతుంది. పాత ప్లేటుకూ సూదికీ ఉన్న సంబంధం ఇందులో నాకు కనబడుతుంది. అరిగిపోతున్న గొంతులను పందొమ్మిదేళ్ళపాటు వినిపించిన మనిషికి ఇంతకంటే తగిన అంకితం మరొకటి ఉండదేమో.

1942 తరువాత ఆయన సొంతంగా నవల రాయలేదు. పత్రిక, రేడియో, తరగతి, ‘న్యూయార్క్ టైమ్స్’లో 1951 నుంచి చివరిదాకా అపరాధ నవలల సమీక్ష ఆయన కాలాన్ని తినేశాయి. ఇది నష్టమేనా? కామర్స్ చదివినవాడిగా ఒక మాట చెబుతాను. ఒక సంస్థ తనంత తానుగా సంపాదించుకున్న గుడ్‌విల్‌ను ఆస్తి అప్పుల పట్టీలో చూపకూడదన్నది అకౌంటింగు నియమం. ఇంకెవరో ఆ సంస్థను కొని విలువ చెల్లించినప్పుడే అది లెక్కకెక్కుతుంది. అంతవరకు ఆస్తి ఉంటుంది, పట్టీలో ఉండదు. బౌచర్ ఖాతా అటువంటిది. ఆయన పట్టీలో ఏడు నవలలు, కొన్ని కథలు మాత్రమే కనిపిస్తాయి. మిగతాది డిక్ పట్టీలో, మాథెసన్ పట్టీలో ఉంది. 1970లో కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో అపరాధ కథల అభిమానులు మొదటి సమావేశం జరిపి, దానికి ‘బౌచర్‌కాన్’ అని పేరు పెట్టారు. అభిమానులు విలువ కట్టి ఆ గుడ్‌విల్‌ను లెక్కలోకి తెచ్చిన సందర్భమది.

మన ఊళ్ళలో భజన గోష్ఠులు నడిపినవారు, వీధి బడిలో పెద్దబాలశిక్ష చెప్పినవారు, కార్బన్ కాగితం పెట్టి లిఖిత పత్రికలు తీసినవారు ఎందరో ఉన్నారు. వారి పేర్లు ఏ సాహిత్య చరిత్రలోనూ లేవు. వారి దగ్గర నేర్చుకున్నవారు ఇంకా మన మధ్య ఉండగానే ఆ పేర్లు రాసిపెట్టుకోవడం మంచిది. ఇంట్లో పాత టేపులు ఉన్నవారు వాటిని ఒకసారి వినిపించి, పాడింది ఎవరో, ఏ ఊరో పిల్లలకు చెబితే అంతకంటే మంచిది.