హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు 1939లో ‘సిటీ అఫ్గాన్స్’ అనే పేరుతో మొదలై, 1950 నుంచి 1963 వరకు భారత ఫుట్‌బాల్‌లో అగ్రశ్రేణిన నిలిచి, ఆ మధ్యకాలంలోనే ‘ఆంధ్రప్రదేశ్ పోలీస్’గా పేరు మార్చుకున్న శాఖాజట్టు. శాఖాజట్టు అంటే టిక్కెట్ల రాబడి మీదా సభ్యుల చందాల మీదా కాక, ఒక ప్రభుత్వ శాఖో, కర్మాగారమో, సైనిక విభాగమో ఉద్యోగమిచ్చి పోషించే జట్టు. అందులోని ఆటగాడు నెల జీతం తీసుకునే కానిస్టేబులో, జమేదారో అయి ఉంటాడు. కాలు విరిగినా ఉద్యోగం ఉంటుంది, వయసు మళ్లినా పింఛను వస్తుంది. తొమ్మిది రోవర్స్ కప్పులు, నాలుగు డ్యూరాండ్ కప్పులు గెలిచిన ఈ జట్టు తెలుగునేల మీద పుట్టిన క్రీడాజట్లన్నిటిలోకీ గొప్పదని చెప్పడం అతిశయోక్తి కాదు. అయినా తెలుగులో దాని గురించి వచ్చిన రాత చాలా తక్కువ.

ఈ జట్టు సాధించినదాని విలువ తెలియాలంటే ఆనాటి పోటీల తీరు తెలియాలి. దేశమంతటికీ కలిపి ఒకే లీగ్, అంటే ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడి పాయింట్లు కూడబెట్టుకునే పోటీ, 1996 వరకు మన దేశంలో లేదు. దానికి బదులు ఏడాదిలో వేర్వేరు నెలల్లో వేర్వేరు నగరాల్లో జరిగే నాకౌట్ టోర్నమెంట్లు, అంటే ఓడిన జట్టు అక్కడితో ఇంటిదారి పట్టే పోటీలు, జట్ల స్థాయిని తేల్చేవి. వాటిలో 1888లో సిమ్లాలో మొదలై తర్వాత ఢిల్లీకి చేరిన డ్యూరాండ్ కప్, 1891లో బొంబాయిలో మొదలైన రోవర్స్ కప్, 1893లో కలకత్తాలో మొదలైన ఐ.ఎఫ్.ఎ. షీల్డ్ అన్న మూడే పెద్దవిగా లెక్క. మొదట్లో ఇవి బ్రిటిష్ సైనిక జట్ల సొంత సంబరాలు. రోవర్స్ కప్ ఒక భారతీయ జట్టు చేతికి చిక్కడానికి 1937 దాకా, డ్యూరాండ్ కప్ చిక్కడానికి 1940 దాకా ఆగవలసి వచ్చింది. మొదటిదాన్ని బెంగళూరు ముస్లిమ్స్ జట్టు, రెండోదాన్ని కలకత్తా మొహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు గెలుచుకున్నాయి. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మొహమ్మడన్ స్పోర్టింగ్ అనే మూడు కలకత్తా క్లబ్బులకున్న డబ్బూ, జనాదరణా, పత్రికల అండా మరే నగరంలోని జట్టుకూ లేనందువల్ల దేశంలో ఎక్కడ మంచి ఆటగాడు తయారైనా చివరికి కలకత్తాలోని హుగ్లీ తీరానికే చేరేవాడు.

నిజాం రాజ్యంలో ఫుట్‌బాల్‌కు సికిందరాబాద్ దండు, నగరంలోని బడులు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, పాతబస్తీ మైదానాలు పుట్టిళ్లు. దండులోని సైనికులను చూసి నేర్చుకున్న ఆటను పేటల్లోని కుర్రవాళ్లు ఉత్తికాళ్లతో, చాలాసార్లు చిన్న బంతితో, ఇరుకు స్థలాల్లో ఆడుతూ పెరిగినందువల్ల బంతిని కాలికి అంటిపెట్టుకుని నడిపించే నేర్పు వాళ్లకు చిన్నప్పుడే పట్టుబడేది. 1939లో నగర పోలీసు శాఖ అండతో ఏర్పడిన సిటీ అఫ్గాన్స్ అటువంటి కుర్రవాళ్లను చేరదీసింది. 1943లో బెంగళూరులో ఆష్ గోల్డ్ కప్ గెలవడంతో రాజ్యం బయట కూడా దాని పేరు వినబడింది. 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసి, పరిపాలన యంత్రాంగమంతా తలకిందులైనా, పోలీసు జట్టు చెదిరిపోకుండా నిలవడమూ, 1950లోనే దేశంలోని రెండు పెద్ద కప్పులను ఇంటికి తేవడమూ ఈ చరిత్రలో మొదట గుర్తించవలసిన విశేషం.

ఆ విజయాల వెనుక ఉన్న మనిషి పోలీసు కాదు, బడిపంతులు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో చదువుకుని, అక్కడి జట్టుకు ఆడి, నగరంలోని పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. వ్యాయామ విద్యలో శిక్షణ పొందాక ఆటను నేర్పడాన్నే తన వృత్తిగా చేసుకున్నాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో సిటీ పోలీస్ శిక్షకుడిగా బాధ్యత తీసుకుని 1963లో చనిపోయేదాకా అందులో కొనసాగాడు. నగరమంతా ఆయనను ‘రహీం సాబ్’ అనే పిలిచేది.

రహీం పద్ధతిని కాస్త విడమరచి చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ జట్టు ప్రత్యేకత అంతా అందులోనే ఉంది. ఆనాటి భారత ఫుట్‌బాల్‌లో ప్రేక్షకుడు మెచ్చేది డ్రిబ్లింగ్‌ను, అంటే ఒక్కడే బంతితో ఎదుటివాళ్లను తప్పించుకుంటూ సాగిపోవడాన్ని. హైదరాబాదు కుర్రవాళ్లకు ఆ విద్య ఉగ్గుపాలతో వచ్చినదే కాబట్టి రహీం వాళ్లకు దానికి వ్యతిరేకమైనదాన్ని నేర్పాడు. బంతి కాలికి తగిలీ తగలగానే పక్కవాడికి అందించి ఖాళీ చోటుకు పరుగెత్తాలని, చూసేవాళ్లకు తాను కనబడకపోయినా బంతి ముందుకు కదలాలని ఆయన పట్టుబట్టాడు. డ్రిబ్లింగ్ నిషిద్ధమైన టోర్నమెంట్లు, బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నాలనే నియమం ఉన్న టోర్నమెంట్లు నగరంలో నడిపాడు. కుడికాలివాటం ఆటగాడు ఎడమకాలితోనే ఒక పోటీ మొత్తం ఆడితే రెండో కాలు దానంతటదే పనిలో పడుతుందన్న ఈ ఆలోచన ఒక బడిపంతులికి తప్ప తట్టేది కాదు.

ఆటగాళ్లను మైదానంలో నిలబెట్టే పొందికలోనూ ఆయన కాలం కంటే ముందున్నాడు. అప్పటికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న ‘డబ్ల్యు-ఎమ్’ అమరికలో సెంటర్ ఫార్వర్డ్, అంటే దాడివరుస నడుమ నిలిచే ఆటగాడు, ఎదుటి గోలు దగ్గరే కాచుకుని ఉండేవాడు. 1953 నవంబరులో లండన్‌లోని వెంబ్లీ మైదానంలో హంగరీ జట్టు ఇంగ్లండును 6–3తో ఓడించినప్పుడు, హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిదెకుటి వెనక్కి జరిగి ఆడటంతో అతన్ని ఎవరు కాపలా కాయాలో తెలియక ఇంగ్లండు రక్షణవరుస చీలిపోయింది. రహీం ఆ మెలకువను అందిపుచ్చుకుని తన జట్లకు అలవాటు చేశాడు. నలుగురు రక్షకులు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే ‘4-2-4’ పొందికను భారతదేశంలో ముందుగా ఆడించినవారిలో ఆయన ముఖ్యుడు. విదేశీ శిక్షకుల దగ్గర చేరి నేర్చుకునే వీలు అంతంతమాత్రంగా ఉన్న రోజుల్లో, తోచినదాన్ని వెంటనే మైదానంలో పరీక్షించి చూసుకోవడానికి ఆయనకు పోలీసు జట్టే ప్రయోగశాల అయింది. ఆటగాళ్లంతా ఒకే శాఖ ఉద్యోగులు కావడం, రోజూ ఒకే మైదానానికి రావడం, ఏటేటా అదే ముఖాలు ఉండటం వల్లనే ఆ ప్రయోగం సాధ్యపడింది. ఏడాదికోసారి ఆటగాళ్లు మారిపోయే కలకత్తా క్లబ్బులో ఈ పని జరిగి ఉండేది కాదు.

1950లో ఈ జట్టు మొదటిసారి రోవర్స్ కప్ గెలిచింది. 1940 తర్వాత ఆగిపోయి స్వతంత్ర భారతదేశంలో తొలిసారిగా అదే ఏడు జరిగిన డ్యూరాండ్ టోర్నమెంటులో కూడా ఫైనల్ చేరి, మోహన్ బగాన్‌తో మొదటి ఆట 2–2తో సమం కాగా, మళ్లీ ఆడిన ఆటలో 1–0తో నెగ్గింది. స్వాతంత్ర్యం తర్వాత తొలి డ్యూరాండ్ విజేత కలకత్తా క్లబ్బు కాక దక్కను పోలీసు జట్టు కావడం దేశమంతటినీ ఆశ్చర్యపరచింది. ఆ తర్వాత 1951, 1952, 1953, 1954 సంవత్సరాల్లో కూడా రోవర్స్ కప్ వరసగా హైదరాబాదుకే వచ్చింది. వరసగా ఐదేళ్లు ఆ కప్ నిలుపుకోవడం మరే జట్టుకూ సాధ్యపడలేదు. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈస్ట్ బెంగాల్ చేతిలో 0–1తో ఓడినా 1954లో ఆ కప్‌ను తిరిగి గెలిచింది. 1956లో ఫైనల్లో మళ్లీ ఈస్ట్ బెంగాలే అడ్డుపడగా, 1957లో మరోసారి రోవర్స్, డ్యూరాండ్ రెండూ జట్టు చేజిక్కాయి. 1950, 1954, 1957లలో, అంటే ఎనిమిదేళ్లలో మూడుమార్లు, రెండు పెద్ద కప్పులూ ఒకే ఏడు ఈ జట్టు దగ్గర ఉన్నాయన్నమాట.

జాతీయ జట్టు చరిత్ర కూడా ఇదే కాలంలో హైదరాబాదుతో పెనవేసుకుంది. రహీం శిక్షణలో భారతదేశం 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకి ఒలింపిక్స్‌లో చలిలో, ఎక్కువమంది ఉత్తికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 1–10తో చిత్తుగా ఓడింది. అప్పట్లో దేశవాళీ ఆటలు 70 నిమిషాలే సాగుతుండగా అంతర్జాతీయ ఆట 90 నిమిషాలు కావడం కూడా ఆటగాళ్లను అలసిపోయేలా చేసింది. ఆ ఓటమి తర్వాతే బూట్లు తొడుక్కోవడం తప్పనిసరి అయింది. 1952, 1956 ఒలింపిక్స్ రెండింటిలోనూ ఆడిన రక్షకుడు అజీజుద్దీన్, హాఫ్ బ్యాక్ నూర్ మహమ్మద్ సిటీ పోలీస్ ఆటగాళ్లే. 1956 మెల్‌బోర్న్ జట్టులో వాళ్లతోపాటు జుల్ఫికరుద్దీన్, సికిందరాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వంటి హైదరాబాదీలు ఉన్నారు. ఆ జట్టు ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం అంతకుమించి ఎన్నడూ ఎదగలేదు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ 1949–50, 1950–51 ఫైనళ్లలో బెంగాల్ చేతిలో ఓడినా, 1956–57లోనూ 1957–58లోనూ బొంబాయిని ఓడించి వరసగా రెండుసార్లు గెలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడటంతో హైదరాబాద్ రాష్ట్రం అనేదే లేకుండా పోయింది. అయినా ఫుట్‌బాల్‌లో ఆ పేరు కొన్నేళ్లు నిలిచి, 1959లో హైదరాబాద్, ఆంధ్ర సంఘాలు కలిసిపోయాకనే మాసిపోయింది. పోలీసు జట్టు కూడా ఆ వేళకే ఆంధ్రప్రదేశ్ పోలీస్ అయింది. పేరు మారినా మైదానాలు అవే, రహీం సాబూ ఆయనే. 1960లో రోవర్స్ కప్, 1961లో మోహన్ బగాన్‌ను 1–0తో ఓడించి డ్యూరాండ్ కప్, 1962లో ఈస్ట్ బెంగాల్‌తో కలిసి సంయుక్తంగా రోవర్స్ కప్, 1963లో మళ్లీ అదే కప్ గెలిచింది. 1961 రోవర్స్ కప్ కూడా ఊరు దాటలేదు. దాన్ని సికిందరాబాద్‌లోని సైనిక ఇంజనీర్ల ఇ.ఎమ్.ఇ. సెంటర్ జట్టు గెలిచింది. ఒక కప్పు కోసం నగరంలోని రెండు శాఖాజట్లు వంతులవారీగా దేశాన్ని ఓడించిన ఆ నాలుగేళ్లను హైదరాబాద్ ఫుట్‌బాల్ నిండుపున్నమి అనవచ్చు. జకార్తాలో 1962 ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచిన భారత జట్టు కూడా రహీం తీర్చిదిద్దినదే. అందులో ఆడిన యూసుఫ్ ఖాన్ ఈ పోలీసు జట్టువాడే.

అయితే ఆ నిండుదనంలోనే తరుగు మొదలైంది. శాఖాజట్టు ఆటగాడికి భద్రత ఇస్తుంది కాని పెద్ద డబ్బు ఇవ్వలేదు. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌కు వెళ్లాడు. సయ్యద్ నయీముద్దీన్ ఇక్కడ తయారై 1966లో అదే క్లబ్బులో చేరి, 1970 ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన భారత జట్టుకు నాయకుడయ్యాడు. ఫుట్‌బాల్ ఆడే అన్నదమ్ముల ఇంట్లో 1949లో పుట్టిన మహమ్మద్ హబీబ్ ప్రతిభంతా కలకత్తా మైదానాల్లోనే వికసించింది. బలరాం తన చివరి సీజన్లలో ఆడిన బి.ఎన్.ఆర్. జట్టు గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే పేరు మీద కలకత్తాలో నడిచిన ఈ జట్టు, ఆ రైల్వే 1955లో ఆగ్నేయ రైల్వేగా మారాక కూడా పాత పేరునే ఉంచుకుంది. 1964లో రోవర్స్ కప్‌ను ఆంధ్రప్రదేశ్ పోలీస్ తర్వాత అందుకున్నది ఆ జట్టే. అదీ శాఖాజట్టే కాని కలకత్తా లీగులో ఆడే అవకాశం దానికి ఉండేది, హైదరాబాదుకు లేదు.

1963 జూన్ 11న రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన నేర్పిన తరం మరికొన్నాళ్లు కొనసాగి, 1965–66లో బెంగాల్‌ను ఓడించి ఆంధ్రప్రదేశ్‌కు దాని ఏకైక సంతోష్ ట్రోఫీని తెచ్చింది. ఆ తర్వాత పోలీసు జట్టు పెద్ద కప్పుల ఫైనళ్ల నుంచి కనుమరుగైంది. మొత్తం నేర్పు ఒక్క శిక్షకుడి చేతిలో ఉండటం, ఆయన పద్ధతిని అందుకుని నడిపే సంస్థ వెనుక మిగలకపోవడం దీనికి అసలు కారణం.

ఈ తీరు మన ఒక్కరిదే కాదు. పోర్చుగల్‌లో లిస్బన్‌కు ఎదురుగా నది అవతలి ఒడ్డున ఉన్న బరైరో అనే చిన్న కర్మాగారాల పట్నంలో, రసాయన పరిశ్రమ నడిపే సి.యు.ఎఫ్. అనే సంస్థ 1937లో స్థాపించిన జట్టు 1964–65లో ఆ దేశపు లీగులో మూడో స్థానం సాధించి, 1965లో తమ ఊళ్లో ఇటలీ క్లబ్బు మిలాన్‌ను 2–0తో ఓడించింది. 1974 విప్లవం తర్వాత ఆ సంస్థ జాతీయమై చేతులు మారడంతో జట్టు పేర్లు మార్చుకుంటూ కింది శ్రేణులకు జారిపోయింది. కాని ఆ ఊరి సభ్యులు దాన్ని విడవనందువల్ల అది నేటికీ ఆడుతూనే ఉంది. హైదరాబాద్ పోలీసు జట్టుకు అభిమానులు వేలల్లో ఉండేవారు కాని సభ్యులు లేరు. ఆట శాఖది కావడంతో శాఖ ఆసక్తి సన్నగిల్లినప్పుడు దాన్ని పట్టుకుని నిలబెట్టే హక్కు నగరానికి లేకపోయింది.

2019లో పెట్టుబడిదారుల డబ్బుతో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2022 మార్చి 20న కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినా, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. రహీం జీవితం మీద ‘మైదాన్’ అనే హిందీ చిత్రం 2024లో విడుదలైంది. అదే ఏడు డిసెంబరు 31న హైదరాబాదులో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో పశ్చిమ బెంగాల్, కేరళ తలపడ్డాయి. రోవర్స్ కప్ 2000–01 తర్వాత జరగలేదు కాబట్టి, 1950 నుంచి 1954 దాకా సిటీ పోలీస్ నిలబెట్టిన ఐదేళ్ల వరసను దాటే అవకాశం ఇంక ఏ జట్టుకూ లేదు.