జీతపు బకాయిల వసూలు (అమెరికా సంయుక్తరాష్ట్రములు)

చేసిన పనికి చెల్లింపబడక యజమానియొద్ద నిలిచిపోయిన జీతమును పనివాడు శాసనబలముచే రాబట్టుకొనుటకు అమెరికా సంయుక్తరాష్ట్రములలో రెండు త్రోవలు కలవు: ఒకటి రాష్ట్రశాసనములది, రెండవది సమాఖ్యశాసనములది. ఇత్తునన్నది గడువులోగా ఇచ్చితీరవలెనని రాష్ట్రశాసనములు ముఖ్యముగా విధించును. ఎంతకు కుదిరినను కనీస వేతనమునకు తక్కువ ఇయ్యరాదనియు, వారమునకు 40 గంటలు మించిన పనికి ఒకటిన్నర రెట్లు ఇయ్యవలెననియు సమాఖ్యశాసనము విధించును. గంటకు 30 డాలర్లకు కుదుర్చుకొని 20 చొప్పున మాత్రమే చెల్లించిన యజమానిమీద, వారము 40 గంటలు దాటనంతవరకు, సమాఖ్య కనీస వేతన శాసనమునకు పలుకుబడి లేదు. ఆ పది డాలర్లకు రాష్ట్రమే దిక్కు. ఈ రెండు హక్కులును వేరువేరు కాలములందు, వేరువేరు కారణములచే పుట్టినవి. రెండింటికిని సామాన్యమైన చిక్కు ఒక్కటే: పని జరిగినది పనివాని ఒంటిమీద, దాని పద్దు ఉండునది యజమాని చేతిలో.

వలసరాజ్యముల కాలమున జీతపుబాకీ సామాన్యమైన అప్పువలె స్థానిక న్యాయాధిపతుల యెదుట విచారింపబడుచుండెను. స్వాతంత్ర్యానంతరము సమాఖ్యప్రభుత్వము మొదట పట్టించుకొన్నది నావికులను. 1790లో కాంగ్రెసు చేసిన శాసనము ననుసరించి, ప్రయాణము ముగిసి ఓడనుండి సరుకు దింపిన పదిదినములలోగా జీతము ముట్టనియెడల నావికుడు ఓడ అధిపతిని న్యాయాధిపతియెదుటికి పిలిపింపవచ్చును. అవసరమైనచో ఓడనే జప్తు చేయింపవచ్చును. మరుసటి సంవత్సరము మేరీలాండు రాష్ట్రము, నూతన రాజధానీ నిర్మాణమును పురస్కరించుకొని, కట్టడపు మేస్త్రీలకు తాము కట్టిన భవనముపైననే బాకీహక్కు కల్పించెను.

బానిసత్వము కూలిపోయిన 1865లో, ఆగష్టు 7వ తేదీన, ఓహాయో రాష్ట్రమందలి డేటన్ నగరమునుండి జోర్డన్ ఆండర్సన్ అను మాజీ బానిస పంపించిన జాబు ఈ చరిత్రలో ప్రత్యేకముగా పేర్కొనదగినది. టెన్నెస్సీలోని పూర్వపు యజమాని తిరిగి పనికి రమ్మని కబురంపగా, అతడు ప్రత్యుత్తరము చెప్పి వ్రాయించెను. తాను 32 సంవత్సరములు, భార్య మాండీ 20 సంవత్సరములు చాకిరి చేసితిమనియు, తనకు నెలకు 25 డాలర్లు, ఆమెకు వారమునకు 2 డాలర్లు చొప్పున కట్టగా 11,680 డాలర్లు తేలుచున్నదనియు, దానికి వడ్డీ కలిపి, తమకిచ్చిన బట్టలకును, వైద్యుడు మూడుమార్లు వచ్చినందుకును, మాండీకి ఒక పన్ను పీకించినందుకును అయిన ఖర్చు తీసివేసి మిగిలినది పంపినచో యజమాని చిత్తశుద్ధిని నమ్మగలమనియు అందు వ్రాయించెను. ఆ జాబు ఆనాటి పత్రికలలో అచ్చయ్యెను. ఇంతటి మర్యాదతో ఇంత నిక్కచ్చిగా అడిగిన బాకీ మరియొకటి అరుదు. లెక్కలో తప్పు లేదు. డబ్బు వచ్చిన జాడయు లేదు. విముక్తులైన తక్కినవారికిని దొరలకును మధ్య కూలితగవులను తీర్చుటకు అదే సంవత్సరము ఏర్పడిన విముక్తజన కార్యాలయము కొంతకాలము పాటుపడెను.

కర్మాగారములు పెరిగినకొలది రాష్ట్రములు మేల్కొనెను. మసాచుసెట్స్ రాష్ట్రము 1879లో పురపాలకసంఘముల పనివారికిని, 1886లో కంపెనీల పనివారికిని వారమువారము జీతము చెల్లింపవలెనని శాసించెను. న్యాయస్థానములు మాత్రము అంత సుముఖముగా లేవు. జీతమును కంపెనీ దుకాణపు సరుకుల రూపమున గాక నగదుగా ఇయ్యవలెనన్న పెన్సిల్వేనియా శాసనమును ఆ రాష్ట్రపు ఉన్నత న్యాయస్థానము అదే 1886లో కొట్టివేసెను. తన శ్రమను తనకు తోచినట్లు అమ్ముకొను స్వేచ్ఛను పనివానికి లేకుండ చేయుట అతనిని అవమానించుటయే యని దాని తర్కము! ఆ స్వేచ్ఛను కాపాడుమని పనివాడు కోరలేదు; వ్యాజ్యము తెచ్చినది జీతము కొరకు. సమాఖ్య సర్వోన్నత న్యాయస్థానము ఇంతకంటె విశాలముగా ఆలోచించెను. రైల్వేకంపెనీలు పనినుండి తొలగించిన కూలీకి ఆనాడే బాకీ చెల్లింపవలెననియు, చెల్లింపనిచో చెల్లించువరకు జీతము నడచుచునే యుండుననియు చెప్పిన ఆర్కన్సా శాసనమును 1899లోను, కంపెనీ చీట్లను నగదుగా మార్చి ఇయ్యవలెనన్న టెన్నెస్సీ శాసనమును 1901లోను సమర్థించెను. ఆలస్యము చేసిన దినములకు సైతము జీతమియ్యవలెనను ఆ నియమము నేడు కాలిఫోర్నియాలో 30 దినముల పరిమితితో సజీవముగానున్నది.

శాసనమున్నను వకీలును పెట్టుకొను స్థోమత కూలీకి లేదు. న్యూయార్కులో అంతర్యుద్ధకాలమున కుట్టుపని స్త్రీల పక్షమున జీతములు వసూలుచేయు సంఘమొకటియు, 1876లో జర్మను వలసదారులకై స్థాపింపబడిన న్యాయసహాయ సంఘమును ఈ లోపమును కొంత పూరించెను. ఈ రెండవ సంఘమే పిదప అమెరికాలోని ఉచిత న్యాయసహాయోద్యమమునకు మూలమయ్యెను.

కనీస వేతన సిద్ధాంతము ఒక జీతపుబాకీ వ్యాజ్యమువలననే నిలదొక్కుకొనుట విశేషము. వాషింగ్టన్ రాష్ట్రమందలి వెనాచీ అను ఊరి హోటలులో గదులు శుభ్రపరచు ఎల్సీ పారిష్ అను స్త్రీ, రాష్ట్రశాసనము నిర్ణయించిన వారమునకు 14.50 డాలర్ల కనీస వేతనమునకును తనకు ముట్టినదానికిని గల వ్యత్యాసము 216.19 డాలర్లు ఇప్పింపుమని కోరెను. 1923లో ఇట్టి శాసనమును త్రోసిపుచ్చిన సర్వోన్నత న్యాయస్థానమే 1937 మార్చి 29న, ఐదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, నలుగురు వేరొకవైపు నిలువగా, పూర్వనిర్ణయమును విడనాడి ఆమె పక్షమున తీర్పు చెప్పెను.

త్రోవ తెరపి యగుటతో అధ్యక్షుడు రూజ్వెల్టు ప్రభుత్వము న్యాయమైన శ్రమ ప్రమాణముల శాసనమును సిద్ధపరచెను. శ్రామికమంత్రిణి ఫ్రాన్సెస్ పెర్కిన్సు పట్టుదలయు, ప్రతినిధిసభలో మేరీ నార్టన్ నేర్పును దీనిని గట్టెక్కించెను. 1938 జూన్ 25న సంతకమై అక్టోబరు 24న అమలులోనికి వచ్చిన ఈ శాసనము మొదట గంటకు 25 సెంట్ల కనీస వేతనమును, 44 గంటల వారమును నిర్ణయించెను. వసూలునకు సంబంధించిన 16వ విభాగము దీనికి ప్రాణము వంటిది: బాకీపడిన వేతనము, అంతకంత నష్టపరిహారము, పైగా వకీలు రుసుము యజమానియే భరింపవలెను. నూరు డాలర్లు ఎగవేసినవాడు దొరికిపోయిననాడు రెండువందలు కట్టవలసి వచ్చుటతో, ఎగవేత లాభసాటి కాకపోయెను. 1945లో, బ్రూక్లిన్‌లోని ఒక బ్యాంకు భవనమునకు రాత్రి కావలి కాచిన ఉద్యోగి, అసలు మొత్తము మాత్రము పుచ్చుకొని యజమానికి విడుదలపత్రము వ్రాసియిచ్చినను, నష్టపరిహారపు హక్కును వదలుకొన్నట్లు కాదని సర్వోన్నత న్యాయస్థానము తీర్మానించెను.

తరువాతి సంవత్సరమున వచ్చిన మౌంట్ క్లెమెన్స్ కుండల కర్మాగారపు వ్యాజ్యము ఈ శాస్త్రమునకే పట్టుగొమ్మ. మిచిగన్ రాష్ట్రములో డెట్రాయిట్ సమీపముననున్న ఆ కర్మాగారము ఎనిమిదెకరముల విస్తీర్ణము గలది. అందు సుమారు 1,200 మంది పనిచేయుచుండిరి. పనివారు ఒకమూల ద్వారమున ప్రవేశించి, హాజరు గడియారమున చీటీ గుద్దించుకొని, పావుమైలు పొడవైన ఆ కట్టడమున తమతమ స్థానములకు నడచిపోయి, తొడుగులు ధరించి, చేతులకు జిడ్డు రాచుకొని, వ్రేళ్ళకు తొడుగులు పెట్టుకొని, మీటలు నొక్కి, కిటికీలు తెరచి, అప్పుడు పనికి కూర్చుండెడివారు. యజమాని మాత్రము చీటీ గుద్దిన తరువాతి పావుగంటనుండి లెక్కింప మొదలిడి, వెడలునప్పటి చీటీకి ముందటి పావుగంటతో ముగించెడివాడు. ఉదయము 6.46కు వచ్చి 12.14కు భోజనమునకు వెడలి, 12.46కు మరలి 4.14కు ఇంటికిపోయిన వానికి 8 గంటలే జమపడెను. గడియారము చూపిన కాలమునకంటె ఇది 56 నిమిషములు తక్కువ.

1946 జూన్ 10న, పూర్వము మిచిగన్ గవర్నరుగా నుండిన న్యాయమూర్తి ఫ్రాంక్ మర్ఫీ తీర్పు వ్రాసెను. యజమాని సరియైన పద్దులు ఉంచనిచో, నిమిషములతో సహా నిరూపింపలేదని పనివానిని శిక్షింపరాదు. తాను పనిచేసినట్లును, ఎంత పనిచేసెనో సమంజసముగా ఊహించుటకు తగిన సాక్ష్యమును అతడు చూపిన చాలును. పిమ్మట కాదని రుజువుచేయు బరువు యజమానిది. ఇంతటి ఉదారమును ఇంతటి ఆచరణయోగ్యమును అగు సూత్రము ఈ శాఖలో మరియొకటి లేదు. తన జేబుపుస్తకములో వచ్చిన వేళ, పోయిన వేళ వ్రాసికొనిన చిన్న ఉద్యోగికి నేటికిని అది రక్ష.

ఈ తీర్పు పుట్టించిన వ్యాజ్యముల వెల్లువ అపారము. 1946 జూలై మొదలు 1947 జనవరి చివరివరకు 1,913 దావాలు దాఖలయ్యెననియు, వాటిలో 1,515 దావాలలో అడిగిన మొత్తము 578 కోట్ల డాలర్లు దాటెననియు కాంగ్రెసు లెక్క తేల్చెను. యజమానులు గగ్గోలు పెట్టిరి. మౌంట్ క్లెమెన్స్ వ్యాజ్యమే క్రింది న్యాయస్థానమునకు మరలిపోయి, అందు న్యాయాధిపతి పికార్డ్ నడకకాలమును లెక్కింపదగనంత స్వల్పముగా ఎంచి 1947 ఫిబ్రవరిలో కొట్టివేసెను. ఐనను కాంగ్రెసు శాంతింపలేదు. మే 14న అధ్యక్షుడు ట్రూమన్ సంతకము చేసిన శాసనము, పనికి ముందు వెనుకల నడకను, సన్నాహములను జీతపులెక్కనుండి తొలగించుటయేగాక, దావాకు రెండేండ్ల గడువును, సద్భావముతో నడచిన యజమానికి నష్టపరిహారమునుండి మినహాయింపును, కూడి దావావేయు ప్రతి పనివానియొక్క లిఖితపూర్వక సమ్మతిని విధించెను. మర్ఫీ చెప్పిన పద్దుల సూత్రమును మాత్రము అది తాకలేదు.

పిమ్మటి అర్ధశతాబ్దమున చిల్లర సవరణలే అధికము: 1949లో పనివాని పక్షమున ప్రభుత్వమే దావావేయు వీలు కలిగెను, 1966లో బుద్ధిపూర్వకమైన ఎగవేతకు గడువు మూడేండ్లయ్యెను. నావికుల పాతశాసనము 1982లో ఒకమారు మెరసెను. ఉత్తరసముద్రమున పనిచేసిన వెల్డరొకనికి కేవలము 412.50 డాలర్లు నిలిపియుంచిన కంపెనీ, దినమునకు రెండుదినముల జీతము చొప్పున 3,02,790.40 డాలర్లు కట్టవలసినదని సర్వోన్నత న్యాయస్థానము తేల్చెను. 2011లో మరల హాజరు గడియారమే తగవునకు వచ్చెను. విస్కాన్సిన్‌లో, రక్షణవస్త్రములు ధరించుకాలము జీతమునకు రాకుండ గడియారమును ఉంచిరని నోటిమాటగా పైవారితో చెప్పి ఉద్యోగము పోగొట్టుకొనినవానికి, నోటి ఫిర్యాదునకును రక్షణ కలదని సర్వోన్నత న్యాయస్థానము నిర్ణయించెను. 2018లో మాత్రము, మధ్యవర్తిత్వ ఒడంబడికపై సంతకము చేసిన ఉద్యోగులు కలసి దావా వేయకుండ యజమాని కట్టడి చేయవచ్చునని అదే న్యాయస్థానము చెప్పుటతో చిన్నమొత్తముల బాకీదారులకు పెద్ద దెబ్బ తగిలెను.

రాష్ట్రములు ఈ నడుమ సమాఖ్యమును మించిపోయెను. కాలిఫోర్నియాలో 1976 మొదలు శ్రామికాధికారి యెదుట వకీలు లేకుండనే విచారణ జరుగు పద్ధతి కలదు. మసాచుసెట్స్‌లో 2008 నుండి మూడురెట్లు చెల్లించుట తప్పనిసరి. న్యూయార్కులో ఆరేండ్లనాటి బాకీని సైతము అడుగవచ్చును. టెక్సాస్ రాష్ట్రపు శ్రామికసంస్థకు ఫిర్యాదు చేయు గడువు మాత్రము 180 దినములే.

తెలుగువారికి ఈ విషయముతో సంబంధము ఏర్పడినది 1990 నాటి వలస శాసనముతో. అది సృష్టించిన హెచ్-1బి వీసాపై పోయిన సాఫ్ట్‌వేరు ఉద్యోగులలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములవారు పెక్కుమంది. వీరిలో కన్సల్టెన్సీల ద్వారా కుదిరినవారిని, ఒక ప్రాజెక్టు ముగిసి మరియొకటి దొరకువరకు జీతము లేకుండ 'బెంచి' మీద కూర్చుండబెట్టుట వాడుకయయ్యెను. గంటకు 27.63 డాలర్లు మొదలుకొని పుచ్చుకొను కంప్యూటరు నిపుణులకు అదనపు గంటల హక్కు వర్తింపనందున, 1938 నాటి శాసనము వీరికి అంతగా అక్కరకు రాదు. 1998లో కాంగ్రెసు ఈ లోటును తీర్చెను: పని చూపలేనిది యజమానియే యైనపుడు, వీసా దరఖాస్తులో వ్రాసిన జీతము బెంచికాలమునకును పూర్తిగా ఇయ్యవలెను. ఉద్యోగి తన సొంతపనిమీద సెలవు కోరినచో ఈ నియమము వర్తింపదు. పని నుండి తొలగించితిమని యజమాని చెప్పినను, వలసశాఖకు తెలిపి, స్వదేశమునకు మరలుటకు తగిన ప్రయాణవ్యయము ఇయ్యజూపనిదే ఆ బాధ్యత తీరదు. ఫిర్యాదు సమాఖ్య శ్రామికశాఖలోని వేతన, పనిగంటల విభాగమునకు డబ్ల్యూహెచ్-4 అను పత్రముపై, తప్పిదము జరిగిన పన్నెండు మాసములలోగా చేసికొనవలెను; కావున డల్లాసులో బెంచి మీద మిగిలిన ఉద్యోగికి టెక్సాస్ సంస్థయొద్ద 180 దినములు గడచిపోయినను, ఈ రెండవ ఫిర్యాదునకు ఇంకను వ్యవధి యుండును.