భిలావా పెట్టిన నిషానీ

మన నానీలు భిలావా అనేదే తెలుగువాళ్ల నల్లజీడి, అరబ్బుల బలాజుర్. 9వ శతాబ్దంలో 'ఫుతూహుల్ బుల్దాన్' రాసిన బాగ్దాద్ చరిత్రకారుడు బలాజురీకి ఆ పేరు ఈ గింజ వల్లే వచ్చిందంటారు. హాఫిజా పెరగాలని దీని రసం తాగి మతి చెడినది ఆయనేనని కొందరు, ఆయన దాదా అని కొందరు రాశారు.

అదే రసంతో మన ధోబీలు బట్టలకు చెరగని గుర్తులు పెట్టేవారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇండియాకొచ్చిన అమెరికా సిపాయీలకు ఆ గుర్తు తగిలినచోటే దద్దుర్లు, బొబ్బలు లేచాయి. వాళ్ల డాక్టర్లు 1943లో దాన్ని 'ధోబీ మార్క్' వ్యాధిగా నమోదు చేశారు. మామిడి సొన, జీడిపిక్క తొక్క నూనె కూడా ఇదే ఖాందాన్.

పాతకాలం నుస్ఖా కొబ్బరినూనె, నువ్వుల ముద్ద. గింజ ముట్టుకునే ముందు చేతులకు నూనె రాసుకోవడం తెలివైన ఎహతియాతే. కానీ రసం అంటాక ముందు సబ్బు, నీళ్లు. కడగకుండా నూనె రుద్దితే జహర్ ఇంకా పాకుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే దవాఖానాకు వెళ్లాలి.

పిల్లల హాఫిజా కోసం పచ్చి భిలావా తినిపించమని ఎవరైనా అంటే, బలాజురీ ఖాందాన్ కిస్సా యాద్ చేసుకోండి.